డప్పునకు వేదికపై చోటు లేదా?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున వెస్లియన్ విశ్వవిద్యాలయము కలదు. అచ్చట 1963 నుండి మన దక్షిణదేశపు విద్వాంసులు టి. రంగనాథన్ గారు మృదంగము నేర్పిరి. 1969 నుండి అబ్రహాం అడ్జెన్యా గారు ఆఫ్రికాలోని ఘానాదేశపు డోలువిద్యను నేర్పిరి. అది ఊరివారి డోలని ఆ విశ్వవిద్యాలయము చులకన చేయలేదు. వాయించువానికి గురుపీఠము వేసినది.

ఇక మన సంగతి చూతము. కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన రాయచూరు సీమలో మృదంగమునకు కొరత లేదు, డప్పునకును కొరత లేదు. మన ఉగాది సభలలో మృదంగమునకు వేదికపై తివాచీ పరచుదుము. డప్పువారిని అతిథులకు ఎదురేగుటకు పిలిచి, గుమ్మముకడనే పైకమిచ్చి పంపివేయుదుము. సంఘము లెక్కపుస్తకమున మృదంగమువారి సొమ్మును 'విద్వత్సంభావన' అనియు, డప్పువారి సొమ్మును 'ఊరేగింపు ఖర్చు' అనియు మేమే మా చేతులార వ్రాసితిమి. అందులకు నేడు సిగ్గుపడుచున్నాము.

"డప్పు చావునకు వాయించునది, సభకు తగదు" అని కొందరు పెద్దలందురు. జాతరలో అమ్మవారి ముందు మ్రోగునది ఏది? పెండ్లి ఊరేగింపున మ్రోగునది ఏది? తోలు వాద్యమందురా, మృదంగమునకు మూసినదియు తోలే. ఆ తోలును సిద్ధపరచి మృదంగమును బిగించువారిలో పెక్కుమంది దళితులని టి. ఎం. కృష్ణ గారు 2020 లో వెలువరించిన గ్రంథమున వివరించిరి. కనుక అభ్యంతరము వాద్యముమీదిది కాదు, వాయించువాని కులముమీదిది. ఆ మాట దాచుటయేల?

డప్పును నిప్పుసెగకు కాచి బిగువు తెచ్చుట, కుడిచేతి పొట్టి సిర్రతోను ఎడమచేతి సన్నని చిటికెనపుల్లతోను వేర్వేరు నాదములు పుట్టించుట, అడుగు తప్పక ఆడుచు దరువు మార్చుట ఏండ్ల సాధన లేక వచ్చునా? తెలంగాణమున కురుమల బీరప్ప కథకు ఒగ్గుడోలు మ్రోగును. కన్నడసీమలో కురుబలు బీరేశ్వరుని కొలుచుచు డొళ్ళు కుణిత ఆడుదురు. ఈ రెండు డోళ్ళను ఒకచోట చేర్చుటకు సముద్రములు దాటనక్కరలేదు, కృష్ణను దాటిన చాలును.

కావున వచ్చు ఉగాదికి డప్పు, డొళ్ళు గురువులను వేదికపై కూర్చుండబెట్టి మృదంగ విద్వాంసునితో సమానముగ సంభావన నీయవలెను. వారమునకొక దినము వారిచేత పిల్లలకు పాఠము చెప్పింపవలెను. మన జిల్లాలో వెలసిన విశ్వవిద్యాలయమున ఇట్టి తాళవాద్యబృందమును నెలకొల్పుడని మహజరు పంపవలెను. ఒక్క హెచ్చరిక. ఆ కులమువారి పిల్లలకే డప్పు నేర్పినచో పాత వెట్టిచాకిరికి మరల తలుపు తీసినట్లగును. మన యిండ్ల మగపిల్లలును ఆడపిల్లలును సిర్ర పట్టవలెను.

ఈ మాటలు కొందరికి నొచ్చును. నొచ్చినను సరియే. వచ్చు ఏటి లెక్కపుస్తకమున రెండు వాద్యములకును ఒకే పద్దు చూడగోరుచున్నాము.