ఫిత్రా జాబితాకు తాళం పడిన రాత్రి

గత రమజాను చివరి రోజులలో తణుకులో మేము నలుగురం కూర్చుని, ఫిత్రా చేరవలసిన ఇళ్ల జాబితాను సరిచూసుకుంటున్నాము. అంతకు ముందటి ఏడాది జాబితా కంప్యూటరులోనే ఉంది. భర్తను పోగొట్టుకున్న ఒక సోదరి పేరు కొత్తగా చేర్చాలి, ఊరు విడిచి వెళ్లిన రెండు కుటుంబాల పేర్లు తీసివేయాలి. పది నిమిషాల పని. జాబితా తెర మీద కనిపిస్తోంది గాని, అందులో ఒక్క అక్షరమూ మారడం లేదు. ఈ ఆఫీసు ప్రతి చెల్లదనీ, మార్పులు చేయాలంటే కొనుక్కోవాలనీ పైన ఎర్రని పట్టీ. కంప్యూటరు అమ్మిన దుకాణదారునికి ఫోను చేస్తే, "క్రాక్ పోయి ఉంటుందండీ, పండగయ్యాక తీసుకురండి, మళ్లీ వేసిస్తాను" అన్నారు. ఆ రాత్రికి కాగితమూ కలమూ పట్టుకుని జాబితా అంతా చేత్తో రాసుకున్నాము.

జాబితా పూర్తయింది గాని ఆ "క్రాక్" అన్న మాట మమ్మల్ని వదలలేదు. పేదల హక్కును అణాపైసలతో సహా లెక్కకట్టే పనిని, వెల చెల్లించని ప్రతిలో ఇన్నేళ్లుగా చేస్తున్నామన్న మాట! ఇది మా ఒక్కరి సంగతి కాదు. "దుకాణంవాళ్లే వేసిచ్చారు, మాకేం తెలుసు?" అనే ఇళ్లు మనలో ఎన్నో. కంటికి కనిపించని వస్తువుకు దొంగతనమేమిటని వాదించేవారూ ఉన్నారు. 1988 డిసెంబరులో కువైట్‌లో జరిగిన ఐదవ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ ఈ సందేహానికి సమాధానం చెప్పింది. రచన, ఆవిష్కరణ, వ్యాపార నామం మొదలైన వాటి మీది హక్కులు షరీఅత్ దృష్టిలో గౌరవించదగినవేననీ, వాటిని అతిక్రమించడం తగదనీ తీర్మానించింది.

మరి ఏటేటా చందా కట్టలేని కుటుంబం ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూనే మేము లిబ్రెఆఫీస్ దగ్గరకు చేరాము. దీని మూలం జర్మనీలో పుట్టిన స్టార్‌ఆఫీస్. సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థ 1999లో దానిని కొని, మరుసటి ఏడాది దాని మూలరచనను ఓపెన్‌ఆఫీస్ పేరిట అందరికీ తెరిచింది. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి వెళ్లాక, ఆ పనిలో ఉన్నవారిలో పలువురు విడిపోయి, లాభాపేక్ష లేని డాక్యుమెంట్ ఫౌండేషన్‌ను ఏర్పరచుకుని లిబ్రెఆఫీస్‌ను ప్రారంభించారు. ఉత్తరాలకు రైటర్, లెక్కలకు కాల్క్, సభలలో తెర మీద చూపేందుకు ఇంప్రెస్ ఇందులో ఉన్నాయి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను తెరుస్తుంది, ఆ రూపంలోనే తిరిగి భద్రపరుస్తుంది కూడా. అన్నింటికన్నా మమ్మల్ని ఆకట్టుకున్నది దాని అనుమతి పత్రం. ప్రతి తీసి బంధువుకు ఇవ్వవచ్చు, మదరసాలోని పది కంప్యూటర్లలో వేయవచ్చు. అక్కడ తప్పయిన పనికే ఇక్కడ తయారీదారుల సమ్మతి ఉంది.

మారిన మొదటి వారం సుఖంగా గడవలేదని కూడా చెప్పాలి. కొన్ని పాత పట్టికల గీతలు పక్కకు జరిగాయి. ఎక్సెల్‌లో మాక్రోలు రాసుకున్నవారు వాటిని ముందుగా పరీక్షించుకోవడం మంచిది. అసలు చిక్కు తెలుగుతో వచ్చింది. మన డీటీపీ కేంద్రాలలో శుభలేఖలూ కరపత్రాలూ ఎక్కువగా అను లిపులలో కూర్చినవే. వాటిలో ఇంగ్లీషు అక్షరాల సంకేతాల మీద తెలుగు ఆకృతులను అమర్చారు. ఆ ఫాంటు లేని చోట ఆ ఫైలు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుట్టగా కనిపిస్తుంది. ఆఫీసు మార్చినంత మాత్రాన ఆ జబ్బు నయం కాదు. కొత్తగా టైపు చేసేదైనా యూనికోడ్‌లో చేసుకోవాలి. సిలికానాంధ్ర ద్వారా ఉచితంగా అందుబాటులోకి వచ్చిన మండలి, రామభద్ర, గిడుగు, సూరన్న వంటి లిపులు ఇంటి అవసరాలకు చక్కగా సరిపోతాయి.

మన ఇళ్లలో ఒకే పుటలో తెలుగూ అరబీ రెండూ రాయవలసి వస్తుంది కదా. టూల్స్ మెనూలోని ఆప్షన్స్‌లో భాషల విభాగం తెరిచి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ అన్నచోట టిక్కు పెట్టాలి. అరబీ పేరాకు కుడి నుంచి ఎడమకు అన్న గుర్తును నొక్కాలి. లిబ్రెఆఫీస్ ఈ రెండు లిపులనూ ఒకే కోవలో చేరుస్తుంది కాబట్టి, ఆయతులున్న భాగాన్ని విడిగా ఎంచుకుని దానికి అరబీ ఫాంటు కేటాయించాలి. ఇది తెలియక మా అమ్మాయి ఒక సాయంత్రమంతా కష్టపడింది. ప్రెస్సుకు పంపేటప్పుడు పీడీఎఫ్‌గా మార్చి పంపితే, అక్కడ మన ఫాంటు లేకపోయినా అక్షరం చెదరదు.

చేత్తో రాసిన ఆ జాబితాను షవ్వాల్ నెలలోనే కాల్క్‌లోకి ఎక్కించి, ఓడీఎస్ రూపంలో భద్రపరిచాము. 2006లో అంతర్జాతీయ ప్రమాణంగా గుర్తింపు పొందిన రూపమది. రేపు ఈ ఆఫీసు లేకపోయినా, ఆ ప్రమాణాన్ని పాటించే మరొకటి దానిని తెరవగలదు. ఆ సోదరి పేరు ఇప్పుడు పన్నెండో వరుసలో ఉంది.

ఆ దుకాణదారుని మొన్న కలిశాము. క్రాక్ వేయించుకోవడానికి రాలేదేమని అడిగారు. సంగతి చెప్పాము. కాసేపు ఆలోచించి, సొరుగులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి, "అయితే అదేదో నాకూ ఒకటి ఎక్కించి ఇవ్వండి" అన్నారు. ఎక్కించి ఇచ్చాము.