వైరు ధర కాదు, లావు చూడండి

బొలెరోలో స్పీకర్లు వేయిద్దామని మొన్న మద్దిలపాలెం వెళ్తే, ఒక షాపాయన మీటరు 400 రూపాయల వైరు వేస్తేనే పాట బాగుంటుందన్నాడు. నేను వద్దన్నాను.

బోరు మోటారు దూరమైతే మనం లావు కేబుల్ వేస్తాం కదా, ఇదీ అంతే. 4 ఓమ్‌ల స్పీకరుకి 5 మీటర్ల దూరం 1.5 ఎం.ఎం. మామూలు రాగి వైరు లాగితే పోయే పవరు 3 శాతమే. చెవికి తెలీదు.

ఖర్చు పెడితే బ్యాటరీ నుంచి ఆంప్లిఫయర్‌కి వచ్చే వైరు మీద పెట్టండి. 12 వోల్టుల మీద 500 వాట్లంటే 40 ఆంపియర్ల పైమాటే; సన్న వైరైతే కాలిపోద్ది. రాగి పూత వేసిన అల్యూమినియం కూడా అంటగడతారు. గీకి చూడండి, లోపల తెల్లగా ఉంటే వద్దనండి. బ్యాటరీ పక్కనే ఫ్యూజు మాత్రం మర్చిపోవద్దు.

మిగిలిన డబ్బుతో మంచి స్పీకర్లు కొనుక్కోండి. తేడా అక్కడ వినబడుద్ది.