కిరాయి కారుకు అదనపు బీమా కట్టాలా, వద్దా?

సొంతంగా నడుపుకునే కిరాయి కార్ల వాడకం మన ఇళ్ళలో బాగా పెరిగింది. బోయిన్‌పల్లి నుంచి బీదర్‌లో నికాహ్‌కు, రసూల్‌పురా నుంచి జహంగీర్ పీర్ దర్గాకు, మారేడ్‌పల్లి నుంచి గుల్బర్గా ఉర్సుకు పోవాలంటే కుర్రాళ్ళు ఫోనులోనే కారు మాట్లాడేస్తున్నారు. డ్రైవరుకు బత్తా అక్కర్లేదు. స్త్రీలకు పరాయి మనిషి లేని ప్రయాణం. అంతా బాగానే ఉంది. తాళం చేతికి వచ్చే ముందు మాత్రం ఒక ప్రశ్న ఎదురవుతుంది: "ఇంకో ఐదు వందలు కడితే డ్యామేజీ బాధ్యత తగ్గుతుంది, కలపమంటారా?" వెనుక సీట్లో పిల్లలు ఎక్కి కూర్చుని ఉంటారు. కొందరు మొహమాటానికి సరేనంటారు. కొందరు "బీమా మనకు కూడదు కదా" అని వద్దంటారు. కాగితం ఇద్దరూ చదవరు. ఖుర్ఆన్‌లోని ఆయత్‌లన్నిటిలోకి దీర్ఘమైనది అప్పుల రాతకోతల గురించినదని తెలిసిన సమాజం మనది!

ఇందులో కారు ఒక్కటే కొత్తది, వ్యవహారం పాతదే. ఫిఖ్ (ధర్మశాస్త్రం) గ్రంథాల్లో ఇజారా అనే అధ్యాయమంతా కిరాయి ఒప్పందాల గురించే. అందులో గుర్రాలు, గాడిదలు, ఒంటెల ఉదాహరణలు బోలెడు. తుర్కీలోని ఉస్మానీ ప్రభుత్వం హనఫీ ఫిఖ్ ఆధారంగా 1869 నుంచి 1876 వరకు కూర్చిన 'మజల్లా' అనే న్యాయస్మృతిలో 600వ నిబంధన ప్రకారం, కిరాయికి తీసుకున్న వస్తువు తీసుకున్నవాని చేతిలో అమానత్. అతని తప్పు లేకుండా అది చెడిపోతే అతను కట్టనక్కర్లేదు. జంతువును విపరీతంగా కొట్టినా, మాట్లాడుకున్న బరువుకు మించి వేసినా, చెప్పిన ఊరు దాటించినా నష్టం అతని నెత్తినే.

మన దేశపు 1872 నాటి కాంట్రాక్టు చట్టం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. మామూలు వివేకం గల మనిషి తన సొంత వస్తువును చూసుకున్నంత శ్రద్ధగా చూసుకుంటే చాలునని 151, 152 సెక్షన్లు చెబుతాయి. 154వ సెక్షన్ కింద ఒక ఉదాహరణ ఉంది. కలకత్తాలో ఒకాయన కాశీ వెళ్ళడానికని గుర్రాన్ని కిరాయికి తీసుకుంటాడు. స్వారీ జాగ్రత్తగానే చేస్తాడు కాని, కాశీకి బదులు కటక్ వెళ్తాడు. దారిలో గుర్రం ప్రమాదవశాత్తు పడి గాయపడుతుంది. నష్టం అతనే ఇచ్చుకోవాలి. మదర్సాలో చదువుకున్న మాకు ఆ గుర్రం పాత పరిచయంలా తోచింది.

అయితే 152వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. ప్రత్యేక ఒప్పందం ఏదీ లేనప్పుడే ఆ రక్షణ. కిరాయి కంపెనీ సంతకం పెట్టించుకునే కాగితం సరిగ్గా ఆ ప్రత్యేక ఒప్పందమే. తప్పు ఎవరిదైనా ఇంత మొత్తం వరకు మీరే భరించాలని అందులో రాసి ఉంటే, సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న మనల్ని వెనుక నుంచి ఆటో గుద్దినా మనమే కట్టాలి. ముందు భారం మన నెత్తిన పెట్టి, దాన్ని దించడానికి మళ్ళీ ఐదు వందలు అడగడం మాకు సబబుగా తోచదు. హనఫీ ఫిఖ్ అలాంటి షరతును ఒప్పుకోదు కూడా. కాని సంతకం చేశాక ఇక్కడి కోర్టు ముందు చూసేది కాగితాన్నే.

మరి బండికి అసలు బీమా ఉండదా? ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ బీమా లేకుండా బండి రోడ్డెక్కరాదు. బండికి జరిగే నష్టానికి వేరే కవర్ ఉన్నా, మామూలు పాలసీ మొత్తం ఇవ్వదు. ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో 50 శాతం తరుగు కింద కోసేస్తుంది. అద్దానికి తరుగు లేదు. మోండా మార్కెట్ సందుల్లో మొదట తగిలేది బంపరు. అదేమో ప్లాస్టిక్కే. ఇలా మిగిలిపోయిన సొమ్మును కిరాయిదారు దగ్గర రాబట్టుకోవడానికే ఆ షరతు.

ఇక ధర్మం మాట. జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ 1985లో, నిర్ణీత ప్రీమియంతో నడిచే వ్యాపార బీమాలో గరర్ (అనిశ్చితి) ఉన్నందున అది కూడదని, పరస్పర సహకార బీమా కూడునని తీర్మానించింది. సూడాన్‌లో 1979లోనే అలాంటి కంపెనీ మొదలైంది. మలేషియా 1984లో తకాఫుల్ చట్టమే చేసింది. మన దగ్గర కారుకు ఆ ఏర్పాటు లేదు. కాబట్టి ఆ ఐదు వందలు ఎవరికి పోతున్నాయో అడగాలి. బీమా కంపెనీకి పోతే పై ప్రశ్న అలాగే ఉంటుంది. బండి యజమానే తన హక్కులో కొంత వదులుకుంటానని అదనపు కిరాయి తీసుకుంటుంటే, అది వేరే లావాదేవీ అని మా అభిప్రాయం. ఫత్వా ఇవ్వడం మా పని కాదు. మీ ముఫ్తీ సాహెబ్‌ను అడగండి, కాగితం వెంట పట్టుకెళ్ళి మరీ అడగండి.

లెక్క కూడా చూద్దాం. మన బాధ్యత 10,000 అనుకుందాం. 500 కడితే అది 2,000కు తగ్గుతుందనుకుందాం. అంటే 8,000 భారం తప్పించుకోవడానికి 500. పదహారు ప్రయాణాల్లో ఒకసారి పెద్ద దెబ్బ తగిలితేనే ఆ సొమ్ము గిట్టుబాటు. ఏడాదికి రెండుసార్లు కారు తీసుకునే ఇంటికి అది ఎనిమిదేళ్ళ మాట. ఇంట్లో పదివేలు విడిగా ఉన్నవారు కట్టనక్కర్లేదంటాము. ఆ పదివేలు వడ్డీకి తేవలసిన ఇల్లయితే కట్టడమే మేలు. అప్పులో వడ్డీ మాత్రం ఖాయం కదా. అన్నదమ్ములు నలుగురూ ప్రయాణానికి తలా నూట యాభై చొప్పున ఒక డబ్బాలో వేసుకుంటే మరీ మంచిది. ఎవరి చేతిలో బండికి దెబ్బ తగిలినా డబ్బాలోంచే కట్టవచ్చు.

ఎంత కట్టినా పనికిరాని చోట్లు కొన్ని ఉన్నాయి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాద్‌లో ఎన్నో కార్లు మునిగాయి. నీటిలో ఆగిన బండిని స్టార్ట్ చేస్తే ఇంజన్‌లోకి నీరు పోయి పాడవుతుంది. మామూలు పాలసీలో అది రాదు, ఇంజన్ కవర్ వేరు. తెల్ల నంబరు ప్లేటు సొంత కారును తెలిసినవాళ్ళ దగ్గర చవకగా కిరాయికి తీసుకోవడం ఇంకా ప్రమాదం. ప్రైవేటు కారు పాలసీ కిరాయి వాడకాన్ని మినహాయిస్తుంది. సొంతంగా నడుపుకునే కిరాయి కారుకు నల్ల పలక మీద పసుపు అక్షరాలుండాలి.

దారిలో స్టీరింగ్ మరొకరికి ఇవ్వడం మన వాళ్ళలో మామూలు. "మామూ, కాసేపు నేను నడుపుతా" అంటాడు మేనల్లుడు. కాగితంలో అతని పేరు లేకపోతే మనది కటక్ వెళ్ళిన గుర్రం కథే. లైసెన్సు లేకపోతే, బాధితులకు ముందు బీమా కంపెనీ చెల్లించి, తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవచ్చని 2004లో సుప్రీం కోర్టు చెప్పింది. యజమాని ఎవరి వెంట పడతాడో చెప్పనక్కర్లేదు. పిల్లవాడు పద్దెనిమిదేళ్ళ లోపువాడైతే, 2019 సవరణ ప్రకారం సంరక్షకునికి మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా.

బంపరు గురించి ఇంత ఆలోచించే మనం నడిపే మనిషిని మరిచిపోతున్నాము. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా బండి యజమాని పేరున ఉంటుంది. బండి కంపెనీ పేరున ఉంటే అది ఉండనే ఉండదు. 2009లో సుప్రీం కోర్టుకు వచ్చిన కేసు ఒకటుంది. ఇతరుల మోటారు సైకిల్ అడిగి తీసుకున్న వ్యక్తి ఎడ్లబండిని ఢీకొని మరణించాడు. అతను యజమాని స్థానంలో ఉన్నట్టే కాబట్టి, 163-ఎ సెక్షన్ కింద అతని కుటుంబానికి పరిహారం రాదన్నది కోర్టు. ఇంటికి ఆధారమైన మనిషే స్టీరింగ్ ముందు కూర్చుంటున్నప్పుడు మొదట అడగవలసింది అతని సంగతి. ప్రధానమంత్రి సురక్షా బీమా కింద బ్యాంకు ఖాతా ఉన్నవారికి ఏడాదికి 20 రూపాయలతో ప్రమాద మరణానికి 2 లక్షలు వస్తాయి. దీని సంగతి కూడా ముఫ్తీ సాహెబ్‌నే అడిగి, బయలుదేరే ముందు రాత్రి ఇంట్లో దస్తర్‌ఖాన్ దగ్గర తేల్చుకోండి. తాళం ఇచ్చే కుర్రవాడి ముందు నిలబడి తేల్చుకునే విషయం కాదిది.