గొట్టార్డు సొరంగమును త్రవ్వినదెవరు?

స్విట్జర్లాండు దేశమున ఆల్ప్సు పర్వతములను దాటుచు గొట్టార్డు రైలు మార్గము 1882లో ప్రారంభమయ్యెను. ఉత్తరము నుండి వచ్చు రైలు పెద్ద సొరంగమును చేరుటకు ముందు కొండ కడుపులోనే సుడులు తిరుగుచు పైకెక్కును. అందుచే వాసెన్ గ్రామపు చర్చి ప్రయాణికునకు మొదట తలపైన, పిదప ఎదురుగా, తుదకు కాళ్ళ క్రింద కనబడును. ఒక్క చర్చిని మూడని భ్రమించుట సహజమే.

పదిహేను కిలోమీటర్ల ప్రధాన సొరంగమును ఉత్తరమున గోషెనెన్ నుండియు, దక్షిణమున ఐరోలో నుండియు ఒకేసారి త్రవ్వుచు వచ్చిరి. 1880 ఫిబ్రవరి చివర రెండు దారులు కొండ నడుమ కలిసెను. తేడా ప్రక్కకు 33 సెంటీమీటర్లు, ఎత్తున 5 సెంటీమీటర్లు! కొండపై త్రికోణములు కొలిచి వేసిన లెక్క అంత సూక్ష్మమైనది. గణితము విసుగు పుట్టించినప్పుడు ఈ సంఖ్యలను తలచుకొనుడు.

ఆ గణితమునకు నేనును చేతులు జోడింతును. కాని “ఈ సొరంగమును లూయీ ఫావ్ర్ త్రవ్వెను” అని వ్రాసి ఊరకుండుట నాకు సమ్మతము కాదు. ఫావ్ర్ గుత్తేదారు. ఎనిమిదేండ్లలో పని ముగింతునని 1872లో ఒప్పుకొనెను, ఆలస్యమైనచో జరిమానా. నా దృష్టిలో ఆ ఒడంబడికయే మొదటి దోషము. కొండనదుల బలముతో గాలిని నొక్కి గొట్టముల ద్వారా లోనికి పంపిరి. రాతిని తొలుచు యంత్రములను ఆ గాలియే నడపవలెను. మనుష్యులు ఆ గాలినే పీల్చవలెను. అది చాలలేదు. ఒకవైపు డైనమైటు పొగ, మఱొకవైపు 30 డిగ్రీలు దాటిన వేడి. 1875 జూలైలో గోషెనెన్ కూలీలు పని మానిరి. వారిపై తుపాకులు ప్రేల్చగా నలుగురు మరణించిరి. ఆ కూలీలలో అత్యధికులు ఇటలీ నుండి పొట్ట చేతబట్టుకొని వచ్చినవారు.

పెద్ద పనులలో ప్రాణనష్టము తప్పదని కొందఱందురు. బండ విరిగిపడుట తప్పకపోవచ్చును. కాని మీకు బడిలో నులిపురుగుల మాత్రలిత్తురు గదా! ఆ కోవలోనిదే యగు కొంకిపురుగు సొరంగపు తేమలో, మలినములో పెరిగి ఎందఱో కూలీల రక్తమును పీల్చివేసెను. మరుగుదొడ్లు, శుభ్రమైన నీరు ఏర్పఱచుట కొండను తొలుచుట కంటె కష్టమా? మృతులు సుమారు 200 మంది అని లెక్క. జబ్బుతో ఇల్లు చేరి కన్నుమూసినవారు అందులో చేరలేదు.

ఫావ్ర్ మాత్రము సుఖపడెనా యని మీరడుగవచ్చును. లేదు. 1879 జూలై 19న ఆయనయు సొరంగములోనే కుప్పకూలి మరణించెను. ఆ మరణమును నేను తక్కువ చేయను. అయినను ఆయన పేరు నిలిచినది.

మృతుడైన కూలీని తోడివారు మోసికొనిపోవుచున్నట్లు విన్‌చెంజో వేలా అను శిల్పి ఆ దినములలోనే ఒక ఫలకమును మలచెను. అది ఐరోలోలో నెలకొనినది 1932లో, రైలు నడచిన ఏబది యేండ్లకు.