బ్యాంకాక్ అనగానే ఆ నవ్వెందుకు?

బ్యాంకాక్ వెళ్తున్నామని చెప్పి చూడండి. ఎదుటి మగవాడి మొహంలో ఓ నవ్వు మొలుస్తుంది. "బ్యాంకాకా? ఓహో..." అంటాడు. ఆ 'ఓహో' తర్వాత టిప్స్ మొదలవుతాయి. ఏది కొన్నా చెప్పిన ధరలో సగానికి అడుగు, టుక్‌టుక్ వాణ్ణి నమ్మకు, మసాజ్‌కి ఫలానా వీధికెళ్ళు. మన వ్లాగర్లు అరగంట సేపు చెప్పేదీ ఇంచుమించు ఇదే. ఇవన్నీ ఊరు చూడ్డానికి చెప్పే సలహాల్లా ఉండవు, ఊరి మీద గెలవడానికి చెప్పేవిలా ఉంటాయి. చుట్టపుచూపుగా వెళ్ళిన ఊళ్ళో గెలవడమేంటసలు?

మోసాలు లేవా? ఉన్నాయి. గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఓ పెద్దమనిషి ఎదురొచ్చి "ఇవాళ మూసేశారు" అంటాడు. చవగ్గా ఊరు తిప్పిస్తానని టుక్‌టుక్ ఎక్కిస్తాడు. అది తిన్నగా రత్నాల షాపు ముందు ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఆడుతున్న నాటకం ఇది. గేటు దాకా నడిచి మన కళ్ళతో చూసుకుంటే చాలు. టాక్సీలో మీటర్ వెయ్యమనండి, వెయ్యనంటే ఇంకోటి చూసుకోండి. సికింద్రాబాద్ స్టేషన్ బయట ఆటో మాట్లాడుకోగలిగిన వాళ్ళకి ఇంతకుమించి శిక్షణ అక్కర్లేదు.

ఇక బేరం. చతుచక్ వారాంతపు సంతలో రెండు మూడు కొంటూ కాస్త తగ్గించమని నవ్వుతూ అడగొచ్చు, తప్పులేదు. కానీ తోపుడు బండి మీద నూడుల్స్ అమ్మేమె దగ్గర బేరమాడరు అక్కడ. విమానానికి, హోటల్‌కి వేలకి వేలు పోసి, ఆమె దగ్గర పది బాత్‌లు మిగిల్చుకుని దానికి 'స్మార్ట్ ట్రావెల్' అని పేరు పెట్టుకోవడం చూస్తే నాకు సిగ్గేస్తుంది.

అన్నిటికన్నా నాకు ఒళ్ళు మండేది మసాజ్ జోకులకి. గ్రాండ్ ప్యాలెస్ పక్కనే వాట్ ఫో గుడి ఉంది. 1830లలో మూడో రామా రాజు వైద్యం, మర్దన గురించిన పాఠాలని రాళ్ళ మీద చెక్కించి ఆ గుడిలో పెట్టించాడు. గుడి పేరుతో మర్దన నేర్పే బడి ఇప్పటికీ నడుస్తోంది. 2019లో యునెస్కో థాయ్ మర్దనని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మనం మాత్రం ఆ మాట వినగానే కన్ను కొడతాం.

మరి ఆ బార్ల వీధులు అబద్ధమా అంటారు. కాదు. కానీ వాటికో చరిత్ర ఉంది. వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికన్ సైనికులని సెలవు మీద ఇక్కడికి పంపేవారు. వాళ్ళ డాలర్ల చుట్టూ ఆ వ్యాపారం పెరిగింది. యుద్ధం అయిపోయింది, సైనికుల కుర్చీల్లో టూరిస్టులు కూర్చున్నారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళలో చాలామంది ఈసాన్ నుంచి వచ్చినవాళ్ళు. ఈసాన్ అంటే మన ఈశాన్యమే, ఆ దేశానికి ఈశాన్యాన ఉన్న పేద ప్రాంతం. థాయ్ చట్టంలో వ్యభిచారం ఇప్పటికీ నేరమే. చట్టం భయం ఆమెకి, నవ్వు మనకి.

ఆ నవ్వుకి మన ఇళ్ళల్లోనూ ఖరీదుంది. ఆఫీసు మగాళ్ళు గుంపుగా వెళ్ళొస్తే అది ట్రిప్పు. అదే ఇంటి ఆడపిల్ల స్నేహితురాళ్ళతో వెళ్తానంటే "ఆ ఊరికా?" అని మొహాలు మాడిపోతాయి. ఊరికి చెడ్డపేరు తెచ్చిన వాళ్ళే ఆ పేరు చూపించి ఆమెని ఆపుతారు.

సరే, నన్నడిగితే నేను చెప్పే టిప్స్ ఇవీ. మాట చివర మగవాళ్ళు 'ఖ్రాప్', ఆడవాళ్ళు 'ఖా' చేర్చండి. మన 'అండీ' లాంటిదే. అది లేకపోతే మాట మొరటుగా ఉంటుంది. నమస్కారానికి 'సవద్దీ' అంటారు, మన 'స్వస్తి' నుంచి కట్టుకున్న మాట. గుళ్ళకి భుజాలూ మోకాళ్ళూ కప్పే బట్టలేసుకోండి. ఎవరి తలా తాకకండి, కాళ్ళు బుద్ధుడి వైపు చాపకండి. పొద్దున ఎనిమిదికీ సాయంత్రం ఆరుకీ స్టేషన్లలో, పార్కుల్లో జాతీయగీతం వినిపిస్తే నిలబడిపోండి. శాకాహారులైతే పసుపు జెండా మీద ఎర్రటి 'జే' అక్షరం ఉన్న బండి వెతుక్కోండి. లేదంటే కూరగాయల వేపుడులో కూడా చేపల సాస్ పడుతుంది. సుఖుమ్‌విత్ రోడ్డులో బేసి సందులు ఒక పక్క, సరి సందులు ఇంకో పక్క ఉంటాయి. 21కి ఎదురుగా 22 ఉంటుందనుకుని ఎండలో తిరగకండి. సాథోన్ రేవు స్కైట్రైన్ స్టేషన్ కిందే ఉంటుంది. అక్కడ జనం ఎక్కే మామూలు పడవెక్కి చావో ఫ్రాయా నది మీద వెళ్ళండి. బడిపిల్లలు, భిక్షువులు, ఉద్యోగస్తులు మీ పక్కనే నిలబడతారు.

ఇంకొకటి. రాజుగారి మీద జోకులొద్దని ప్రతి వ్లాగరూ నవ్వుతూ చెప్తాడు. సెక్షన్ 112 కింద ఒక్కో నేరానికి మూడు నుంచి పదిహేనేళ్ళ జైలు. 2020లో రాజరికంలో సంస్కరణలు అడుగుతూ వీధుల్లోకొచ్చిన యువతలో ఎంతోమంది మీద పెట్టింది ఈ సెక్షనే. వాళ్ళది దాదాపు మన వయసే. మనం నాలుగు రోజులు నోరు మూసుకుంటే సరిపోతుంది, వాళ్ళు ఎప్పటికీ అక్కడే బతకాలి.

ఈ మాటలు వీడియోలో పెడితే వ్యూస్ రావని నాకు తెలుసు. అయినా ఈసారి ఎవరైనా "ఓహో" అన్నప్పుడు మొహమాటానికి మీరూ నవ్వెయ్యకండి. "ఏముంది అందులో నవ్వడానికి?" అని అడగండి. జవాబు చెప్పేదాకా ఆగండి.