ఆట మానకండి, తీరు మార్చండి

ఈ వారం ఉత్తరాలలో మూడింటిని ఒక్కచోట చేర్చి జవాబు చెబుతున్నాను. ఒకటి జనగామ నుంచి, ఒకటి మహబూబాబాద్ నుంచి, మూడవది భూపాలపల్లి నుంచి వచ్చాయి. 2016 అక్టోబరు దాకా ఈ మూడూ వరంగల్ జిల్లాలోని ఊళ్ళే. ఇప్పుడు మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. ఉత్తరాలు రాసిన ముగ్గురికీ ఒకరితో ఒకరికి పరిచయం లేదు. అయినా ముగ్గురి సందేహమూ ఒకటే. ఆటవల్ల కీడు జరుగుతుందా? కొనసాగించాలా, మానెయ్యాలా? ముగ్గురికీ ఒకటే జవాబు చెప్పడం కుదరదు. ఒకరికి కొన్నాళ్ళ విశ్రాంతి చాలు. ఒకరికి అసలు జబ్బే లేదు. మూడవ వారి సంగతి మాత్రం అశ్రద్ధ చేయదగినది కాదు.

ప్రశ్న: నా వయస్సు 44 సంవత్సరాలు. ఆఫీసు ఉద్యోగం. ఏడాది క్రితం చక్కెర వ్యాధి వుందని తేలింది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడుతున్నాను. వ్యాయామం చేయమన్నారని నలుగురు మిత్రులతో కలిసి రోజూ ఉదయం టెన్నిస్ ఆడడం మొదలుపెట్టాను. చక్కెర అదుపులోకి వచ్చింది, హుషారూ పెరిగింది. కాని రెండు నెలలుగా కుడి మోచేతికి బయటివైపు నొప్పి. నీళ్ళ చెంబు కూడా ఎత్తలేకపోతున్నాను. స్టిరాయిడ్ ఇంజెక్షను చేయించుకుంటే మూడు వారాలు తగ్గి, మళ్ళీ వచ్చింది. "ఈ వయస్సులో మీకీ ఆటలెందుకు?" అంటోంది మా ఆవిడ. మానెయ్యమంటారా? (ఒక పాఠకుడు, జనగామ)

జవాబు: మానెయ్యనక్కరలేదు. కొన్ని వారాలు ఆపండి. తరువాత తీరు మార్చుకుని ఆడండి. మీ బాధను 'టెన్నిస్ ఎల్బో' అంటారు. పేరులో టెన్నిస్ వున్నా, దీనితో బాధపడేవారిలో ఎక్కువమంది టెన్నిస్ బ్యాటు ముట్టనివారే. బట్టలు పిండే ఆడవారికి, వడ్రంగులకు, గోడలకు రంగులు వేసేవారికి కూడా ఇది వస్తూంటుంది. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేతి బయటి ఎముకను ఒకేచోట పట్టుకుని వుంటాయి. వాటిని ఎముకకు కట్టివుంచే తాడులాంటి స్నాయువు పదే పదే లాగుడుపడి దెబ్బ తింటుంది. అందుకే ఎత్తినా, పిండినా, తిప్పినా నొప్పి.

స్టిరాయిడ్ ఇంజెక్షను కొద్ది వారాలు హాయినిస్తుంది. కాని ఏడాది తరువాత చూస్తే, ఇంజెక్షను చేయించుకోనివారే మెరుగ్గా వున్నట్లు పరిశోధనలలో తేలింది. కాబట్టి రెండవ ఇంజెక్షనుకు తొందరపడవద్దు. ఎక్కువమందికి ఆపరేషను లేకుండానే ఏడాదిలోపు నయమవుతుంది.

ఇంట్లో చేసుకోదగిన వ్యాయామం ఒకటి చెబుతాను. అరలీటరు నీళ్ళ సీసా తీసుకోండి, అది సుమారు అరకిలో బరువుంటుంది. ముంజేతిని బల్లమీద ఆనించి, అరచెయ్యి నేలవైపు వుండేట్టు, మణికట్టు బల్ల అంచు దాటి వుండేట్టు పెట్టండి. సీసా పట్టుకున్న చేతిని రెండవ చేతి సాయంతో పైకి లేపండి. తరువాత సాయం తీసేసి మెల్లగా కిందికి దించండి. ఈ దించడమే అసలు వైద్యం. పదేసి సార్ల చొప్పున మూడు విడతలు, రోజుకొకసారి చెయ్యండి. కాస్త నొప్పి తెలిస్తే ఫరవాలేదు. రోజురోజుకూ పెరుగుతూంటే ఆపి, ఎముకల వైద్యునికి చూపించండి.

మళ్ళీ ఆట మొదలుపెట్టేటప్పుడు మూడు మార్పులు చేసుకోండి. బ్యాటు పిడి మీ చేతికి సరిపోయేదిగా వుండాలి, తీగల బిగింపు కొంచెం తగ్గించాలి. బ్యాక్‌హ్యాండ్ దెబ్బను మణికట్టు విరిచి ఒంటిచేత్తో కాకుండా రెండు చేతులతో కొట్టడం నేర్చుకోవాలి. రోజూ కాకుండా రోజు విడిచి రోజు, సింగిల్స్‌కు బదులు డబుల్స్ ఆడాలి.

డబుల్స్ అంటే తగ్గిపోవడం అనుకోకండి. మన హైదరాబాదు అమ్మాయి సానియా మీర్జా మణికట్టుకు 2008లో శస్త్రచికిత్స జరిగింది. 2013లో ఆమె సింగిల్స్ వదిలి డబుల్స్ మీదనే దృష్టి పెట్టారు. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానానికి చేరారు. అదే ఏడాది మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచారు. శరీరం వద్దన్న చోట మొండికెయ్యకుండా దారి మార్చుకోవడం ఓటమి కాదనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు.

మీ ఆవిడగారికి ఇంకొక విషయం చెప్పండి. డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగన్‌లో ఎనిమిదివేల అయిదువందల మందికి పైగా స్త్రీ పురుషులను పాతికేళ్ళ దాకా గమనించి, 2018లో ఫలితాలు ప్రకటించారు. ఏ వ్యాయామమూ చేయనివారికంటే టెన్నిస్ ఆడేవారి ఆయుర్దాయం 9.7 సంవత్సరాలు, జాగింగ్ చేసేవారిది 3.2 సంవత్సరాలు ఎక్కువగా కనిపించింది. ఇది టెన్నిస్ మహిమ అని మాత్రం తేల్చి చెప్పలేం. టెన్నిస్ ఆడగలిగినవారు మొదటినుంచీ ఆరోగ్యవంతులో, కలిగినవారో కావచ్చు. అయితే నలుగురితో కలిసి నవ్వుతూ ఆడే ఆటకు ఒంటరి వ్యాయామానికి లేని మేలు ఏదో వుండవచ్చని ఆ పరిశోధకులు భావించారు. మీ నలుగురు మిత్రులను వదులుకోకండి.

గ్లిమిపిరైడ్ వాడేవారు ఖాళీ కడుపుతో ఆడరాదు. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే చక్కెర పడిపోయిందని అనుమానించి వెంటనే ఆట ఆపి, మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగాలి. పంచదార పొట్లం ఒకటి ఎప్పుడూ జేబులో వుంచుకోండి.

ప్రశ్న: మా అబ్బాయికి 17 ఏళ్ళు. ఇంటర్ చదువుతున్నాడు. చిన్నప్పటినుంచీ నలుగురిలో నోరు విప్పి మాట్లాడడు. ఈ మధ్య ప్రతి ఆదివారం నలుగురు స్నేహితులు మా ఇంటికి వస్తున్నారు. బల్ల చుట్టూ కూర్చుని, కాగితాలు ముందు పెట్టుకుని, ఏవో చిత్రమైన పాచికలు వేస్తారు. ఒకడు "నేను మాంత్రికుణ్ణి" అంటాడు. మావాడు "నేను సేనాపతిని" అని గద్దిస్తాడు. నాలుగు గంటలు ఇదే తంతు. ఇది మతి చలించడానికి మొదలేమోనని భయంగా వుంది. వాళ్ళమ్మ తాయెత్తు కట్టిద్దామంటోంది. (ఒక తండ్రి, మహబూబాబాద్)

జవాబు: తాయెత్తూ వద్దు, భయమూ వద్దు. ఇది పాత్రలు ధరించి ఆడే బల్ల ఆట. ఈ కోవలో పేరుపొందిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'ను 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావారు ప్రచురించారు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవారు తలా ఒక పాత్ర తీసుకుని "ఇప్పుడు నేనిది చేస్తాను" అంటారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది పాచిక చెబుతుంది. అందులో ఇరవై ముఖాల పాచిక కూడా వుంటుంది. మీరు చిత్రమైనవన్నవి అవే కావచ్చు.

1980లలో అమెరికాలో కూడా ఈ ఆటవల్ల పిల్లలు చెడిపోతారని, ఆత్మహత్యలు చేసుకుంటారని పెద్ద గగ్గోలు పుట్టింది. శ్రద్ధగా పరిశీలించిన నిపుణులకు అటువంటి కార్యకారణ సంబంధం కనిపించలేదు.

వేషం కట్టడం మనకు కొత్త కాదు. మీ పక్కనే జనగామ జిల్లా అప్పిరెడ్డిపల్లికి చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యగారికి 2024లో పద్మశ్రీ లభించింది. రాత్రంతా రాజుగా గద్దించినవాడు తెల్లవారి రంగు కడుక్కుని ఇంటికి పోతే, అతనికి మతి చలించిందని ఎవరూ అనరు. వేషం వేషమని ఆడేవాడికీ తెలుసు, చూసేవాడికీ తెలుసు. మతిభ్రమలో వున్నవాడికి ఆ తేడా తెలియదు. పాచికలు డబ్బాలో పెట్టాక మీవాడు మళ్ళీ మీవాడుగానే వుండి, అన్నం తిని, పుస్తకం పడుతున్నాడు కదా? అయితే జబ్బు లేదు.

పైపెచ్చు మేలే వుండవచ్చు. సిగ్గరి పిల్లలకు సొంత గొంతుతో మాట్లాడడం కష్టం. సేనాపతి గొంతుతో మాట్లాడడం తేలిక. ఆ గొంతు అలవాటైతే మెల్లగా సొంతమవుతుంది. మానసిక చికిత్సలో కూడా రోగుల చేత పాత్రలు ధరింపజేసే 'సైకోడ్రామా' అనే పద్ధతి వుంది. దాన్ని రూపొందించినవాడు వియన్నాలో వైద్యం చదివిన జేకబ్ మొరీనో. మీవాడి ఆట చికిత్స కాదు గాని, మాట్లాడడానికి సాధన మాత్రం అవుతుంది.

మార్చవలసినవి లేకపోలేదు. నాలుగు గంటలు కదలకుండా కూర్చోవడం మంచిది కాదు. గంటకొకసారి లేచి తిరగమనండి. 5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. సాయంత్రం అదే స్నేహితులతో బంతో, బ్యాటో పట్టించండి. ఆ వయస్సుకు రాత్రి ఎనిమిది గంటల నిద్ర తప్పనిసరి.

నిద్ర, చదువు, తిండి పాడై, ఆట లేనిరోజు ఎవరితోనూ మాట్లాడక, చావు మాటలు మాట్లాడినా, లేని గొంతులు వినబడుతున్నాయన్నా తాత్సారం చేయకుండా మానసిక వైద్యునికి చూపించండి. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ 'టెలీ మానస్' సేవ ద్వారా ఉచితంగా సలహా దొరుకుతుంది.

మీరు కూడా ఒక ఆదివారం ఆ బల్ల దగ్గర కూర్చుని ఒక పాత్ర అడగండి. బదులుగా వాళ్ళకు పులి జూదం నేర్పండి. మూడు పులులు, పదిహేను మేకలు (ఊరినిబట్టి లెక్క మారుతుంది). ఒక ఆటలో పులి పక్షం ఆడినవాడు తరువాతి ఆటలో మేకల పక్షం ఆడాలి. ఎదుటివాడి కష్టం ఏమిటో అప్పుడు తెలుస్తుంది. ముసలివారికీ ఇటువంటి ఆటలు మంచివే. 75 ఏళ్ళు దాటిన 469 మందిని గమనించి 2003లో అమెరికాలో ప్రచురించిన పరిశోధనలో, బల్ల ఆటలు తరచుగా ఆడేవారిలో మతిమరుపు జబ్బు తక్కువగా కనిపించింది. ఇంట్లో తాతగారుంటే ఆయననూ కూర్చోబెట్టండి.

ప్రశ్న: నా వయస్సు 52. బొగ్గు గనిలో షిఫ్టు డ్యూటీ. కుర్రతనంలో బాల్ బ్యాడ్మింటన్‌లో నన్ను ఓడించినవాడు లేడు. ఇరవై ఏళ్ళు వదిలేసి, రెండు నెలల క్రితం మళ్ళీ మొదలుపెట్టాను. పది నిమిషాలు ఆడేసరికి రొమ్ముమీద రాయి పెట్టినట్టుంటుంది. కూర్చుంటే అయిదు నిమిషాలలో పోతుంది. రక్తపు పోటు 160/100. రోజుకొక కట్ట బీడీలు తాగుతాను. గ్యాసేమోనని మాత్రలు మింగుతున్నాను. ఇంకా గట్టిగా ఆడితే దమ్ము పెరిగి సర్దుకుంటుందంటున్నారు తోటివారు. నిజమేనా? (ఒక కార్మికుడు, భూపాలపల్లి)

జవాబు: నిజం కాదు. ఈ జవాబు చదివిన రోజునుంచే ఆట ఆపండి. శ్రమ చేస్తే వచ్చి, కూర్చుంటే పోయే రొమ్ము బరువు గ్యాసు లక్షణం కాదు. గుండె కండరానికి రక్తం తీసుకుపోయే నాళాలు సన్నబడినప్పుడు ఇలా వుంటుంది. దీనిని 'యాంజైనా' అంటారు. మీ వయస్సు, రక్తపు పోటు, బీడీలు మూడూ ఆ అనుమానాన్నే బలపరుస్తున్నాయి. ఇటువంటి స్థితిలో గట్టిగా ఆడడమంటే గుండెపోటును పిలిచి తెచ్చుకోవడమే.

ఒకటి రెండు రోజులలో గుండె వైద్యుని చూడండి. మామూలుగా పడుకోబెట్టి తీసిన ఇ.సి.జి. బాగుందంటే అంతటితో నిశ్చింతగా వుండకండి. నాళాలలో అడ్డు వున్నా అది మామూలుగా కనిపించవచ్చు. అవసరాన్నిబట్టి ట్రెడ్‌మిల్ వంటి పరీక్షలు వైద్యులే చెబుతారు. ఈలోగా రొమ్ము నొప్పి కూర్చున్నప్పుడు వచ్చినా, పది నిమిషాలకు తగ్గకపోయినా, చెమటలు పట్టి ఎడమ చేతికో దవడకో పాకినా వెంటనే 108కి ఫోను చెయ్యండి. షిఫ్టు అయ్యేదాకా ఆగకండి.

బీడీలు మానండి. మానిన ఏడాదికే గుండె జబ్బు ప్రమాదం, తాగుతూ వుండేవారితో పోలిస్తే, సుమారు సగానికి తగ్గుతుంది. మానడానికి సాయం కావాలంటే 1800-11-2356 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. ఉప్పు, పచ్చళ్ళు తగ్గించండి. రక్తపు పోటు మాత్రలు మొదలుపెట్టాక, బాగుందనిపించిందని మీ అంతట మీరే మానవద్దు.

వైద్యులు అనుమతి ఇచ్చాకనే కదలిక మొదలుపెట్టండి. మొదట పూటకు పది నిమిషాల నడక. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం సరైనది. క్రమంగా వారానికి 150 నిమిషాలకు పెంచండి. రాత్రి షిఫ్టు దిగిన ఉదయం ముందు నిద్ర, తరువాతే నడక. ఎండాకాలంలో మీ వైపు ఎండలు తెలిసినవే గనుక పొద్దెక్కాక వద్దు. ఆ తరువాత వైద్యులు ఒప్పుకుంటే మళ్ళీ కోర్టులోకి దిగండి. అయిదుగురు ఆడే ఆటలో చెంగు చెంగున దూకవలసినది కుర్రవాళ్ళు. మీరు పరుగు తక్కువ వుండే చోటు చూసుకోండి, లేదా వాళ్ళకు నేర్పండి.

బాల్ బ్యాడ్మింటన్‌లో 1970లో అర్జున అవార్డు పొందిన జమ్మలమడక పిచ్చయ్యగారు నూరేళ్ళు దాటి జీవించి, 2021లో వరంగల్‌లో కన్నుమూశారు. ఆట ఆడినవారంతా నూరేళ్ళు బతుకుతారని కాదు. ఇరవై ఏళ్ళ నాటి వేగాన్ని యాభై రెండవ ఏట వెతుక్కోనక్కరలేదని మాత్రం గుర్తుంచుకోండి.

ముగ్గురికీ వర్తించే మాట ఒకటి వుంది. మార్పు వారంలో రాదు. లండన్‌లో 96 మందిని పరిశీలించి 2010లో ప్రకటించిన అధ్యయనంలో, కొత్త అలవాటు దానంతటదే సాగే స్థితికి రావడానికి మధ్యరకంగా 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలాయి, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా నష్టమేమీ కనిపించలేదు. కాబట్టి ఒకరోజు తప్పిందని మొత్తం వదిలెయ్యకండి. మరునాడు మళ్ళీ మొదలుపెట్టండి. జనగామ పాఠకుడు సీసాతో, మహబూబాబాద్ తండ్రి ఆదివారం బల్ల దగ్గర మొదలుపెట్టవచ్చు. భూపాలపల్లి కార్మికుడు మాత్రం ముందుగా ఆసుపత్రి మెట్లెక్కాలి. ఆలస్యం చేయవద్దు.