భుజాన బిడ్డ, చూడాల్సింది నేత

చైతన్యపురి మెట్రో మెట్లు దిగి దిల్‌సుఖ్‌నగర్ వైపు వంద అడుగులు వేస్తే చాలు, పిల్లల స్ట్రోలర్ ఇక్కడ ఎందుకు పనికిరాదో అర్థమైపోతుంది. ఫుట్‌పాత్‌లో సగం చెప్పుల బండిది, మిగతా సగం బైకుల పార్కింగ్‌ది. ఆ రెండూ లేనిచోట మ్యాన్‌హోల్ మూత పైకి లేచి ఉంటుంది. వేలకు వేలు పోసి కొన్న స్ట్రోలర్లు ఈ చుట్టుపక్కల అపార్టుమెంట్ల బాల్కనీల్లో తడి తువ్వాళ్లు ఆరేసుకోవడానికి అక్కరకొస్తున్నాయి. అందుకే బిడ్డను గుడ్డతో ఒంటికి కట్టుకుని మెట్రో ఎక్కే తల్లులు, ఈ మధ్య తండ్రులు కూడా, అక్కడక్కడా కనిపిస్తున్నారు. మంచిదే. చిక్కల్లా ఆ గుడ్డను ఎంచుకునే తీరులో ఉంది. బేబీ ర్యాప్ కొనేవాళ్లు ఫోన్‌లో పువ్వులు, ఏనుగులు, నక్షత్రాల బొమ్మలు చూసి ఆర్డర్ పెడుతున్నారు. బరువు మోసేది బొమ్మ కాదు, నేత.

పుట్టినప్పుడు మూడు కిలోలున్న బిడ్డ అయిదో నెల దాటేసరికి ఆరు కిలోలవుతుంది, ఏడాదికి తొమ్మిది. ఒకే గుడ్డ ఇంత తేడాను తట్టుకోవాలి. టీషర్టు బట్టలాంటి అల్లిక గుడ్డతో చేసిన సాగే ర్యాప్‌లు మొదటి రెండు మూడు నెలలు ఎంత హాయిగా ఉంటాయో, ఆ తర్వాత అంత విసిగిస్తాయి. బయల్దేరేటప్పుడు ఛాతీ మీదున్న బిడ్డ కూరగాయల మార్కెట్ చేరేసరికి బొడ్డు దగ్గరికి జారుతుంది. పైగా వాటిని మూడు పొరలు కట్టాలి. హైదరాబాద్ మే నెలలో మూడు పొరలంటే తల్లీబిడ్డలిద్దరికీ శిక్షే. ఎక్కువ కాలం, ఎక్కువ బరువుకు మగ్గం మీద నేసిన బట్టే దారి.

నేసిన బట్టలన్నీ ఒకటి కావు. సాదా నేతలో పేక పోగు ప్రతి పడుగు పోగునూ ఒకటి కిందుగా, ఒకటి పైగా దాటుతుంది. ముడులు ఎక్కువ కాబట్టి బట్ట కదలదు. జీన్స్ గుడ్డలో కనిపించే ట్విల్ నేతలో పేక రెండేసి పోగుల మీదుగా మెట్లు మెట్లుగా సాగుతుంది, అందుకే ఏటవాలు గీతలు పడతాయి. ఈ రెండో రకాన్ని నిలువుగా లాగితే సాగదు, అడ్డంగా లాగినా సాగదు, మూలగా లాగితే మాత్రం కాస్త సాగి, వదిలేయగానే వెనక్కి వస్తుంది. బిడ్డను మోసే గుడ్డకు కావలసిన గుణమంతా ఆ మూల సాగుడులోనే ఉంది. బిడ్డ పిరుదుల కింద బట్ట గుంటగా కుదురుకోవడానికి, మోసేవారి భుజం మీద విచ్చుకుని బరువు పంచడానికి అదే కారణం. జర్మనీలో కవల పిల్లల తల్లి ఎరికా హాఫ్‌మన్ 1972లో డిడిమోస్ కంపెనీ పెట్టి ర్యాప్‌లు అమ్మడం మొదలుపెట్టింది. ఆ కంపెనీకి పేరు తెచ్చింది ట్విల్‌ను రెండు దిశల్లో తిప్పి నేసే పద్ధతే. ఇప్పుడు ప్రపంచమంతా దాదాపు అవే కొలతల్లో నేస్తున్నారు: వెడల్పు 70 సెంటీమీటర్ల చుట్టుపక్కల, మధ్యరకం ఒళ్లున్నవారికి పొడవు 4.6 మీటర్లు.

కట్టేటప్పుడు తేడా చేతికే తెలుస్తుంది. గుడ్డ మధ్యభాగాన్ని ఛాతీ మీద పరిచి, రెండు కొసలను చంకల కిందుగా వీపు మీదికి తీసుకెళ్లి దాటించి, భుజాల మీదుగా ముందుకు తెచ్చి, బిడ్డను లోపల కూర్చోబెట్టాక అసలు పని మొదలవుతుంది. పై అంచు, నడుమ భాగం, కింది అంచు, ఒక్కొక్కటే లాగి బిగించాలి. పట్టు అయితే సర్రున జారి తేలిగ్గా బిగుస్తుంది, కానీ ముడి దగ్గర కూడా అలాగే జారుతుంది. లినెన్‌కు బలం ఎక్కువ, ఒంటికి చల్లన, కాకపోతే కొత్తలో అట్టలా ఉండి పది ఉతుకుల దాకా మాట వినదు. వెదురు గుజ్జు విస్కోస్ మెత్తగా, చల్లగా ఉన్నా బరువు పెరిగేకొద్దీ కిందికి లాగుతుంది. ఉన్ని కలిసినవి ఎంత మెత్తనైనా మన వాతావరణానికి వద్దు. నూలు ట్విల్ లాగినప్పుడు జరుగుతుంది, వదిలినచోట నిలబడుతుంది. తొలి బిడ్డకు, తొలి ర్యాప్‌గా దాన్ని మించింది లేదు.

మందం సంగతీ చూడాలి. చదరపు మీటరుకు 200 గ్రాముల లోపు బట్ట గాలాడుతుంది, కానీ పెరిగిన పిల్లను ఒక్క పొరతో ఎత్తుకుంటే భుజంలోకి దిగుతుంది. 300 దాటితే బరువు తెలియదు, చెమట తెలుస్తుంది, ముడి కూడా పిడికెడంత అవుతుంది. హైదరాబాద్‌కు 200 నుంచి 250 మధ్య సరిపోతుంది. ఈ అంకె వేయని ర్యాప్‌ను, ఎంత ముద్దొచ్చే బొమ్మలున్నా, పక్కన పెట్టడమే మేలు.

ఇంటినిండా చీరలుండగా ఇదంతా ఎందుకని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. నగరంలో లేచిన ప్రతి అపార్టుమెంటు దగ్గరా పాలమూరు కూలి తల్లులు పాత చీరతో బిడ్డను కట్టుకుని ఇటుకలు మోశారు. ఉతికి ఉతికి నలిగిన నూలు చీర మెత్తగా ఉంటుంది, జారదు, ఖర్చు లేదు. పసిబిడ్డకు, ఇంటి పని చేసుకునేంతసేపటికి, అది చాలు. అయితే చీర వెడల్పు ర్యాప్‌కు ఒకటిన్నర రెట్లకు పైనే. ఆ మిగులంతా భుజం మీద కుప్పపడి మెడకు అడ్డం వస్తుంది. బట్ట పలచన కాబట్టి ఏడెనిమిది కిలోల పిల్లకు రెండు పొరలు తప్పవు. జరీ అంచుదైతే మరీ ఇబ్బంది. అంచు గట్టిగా, ఒళ్లు మెత్తగా ఉండటంతో రెండూ కలిసి సాగవు, మోకాలి వెనక లేత చర్మాన్ని ఆ అంచు కోస్తుంది. జార్జెట్, పాలిస్టర్ చీరల ఊసే వద్దు. మంగళగిరి నూలులాంటి దట్టమైన నేత చీర, జరీ లేనిది, గంజి పూర్తిగా పోయేదాకా ఉతికినది ఉంటే వాడుకోవచ్చు. కొత్త బట్ట రంగు దిగడం ఆగిందా లేదా చూసుకున్నాకే కట్టాలి, పళ్లొచ్చే వయసు పిల్లలు ముందు నోట్లో పెట్టుకునేది ఆ అంచునే.

ఇక్కడే ఒక విడ్డూరం ఉంది. విదేశీ నేత ర్యాప్ తెప్పించుకుంటే పన్నులతో కలిపి పదివేల పైమాటే. అన్మోల్, సోల్, కోల్‌కోల్ లాంటి దేశీ బ్రాండ్లు కొంత అందుబాటులోకి తెచ్చాయి. నిజానికి నేత ఊళ్లు మన పక్కనే ఉన్నాయి: చైతన్యపురి నుంచి విజయవాడ హైవే పట్టుకుంటే చౌటుప్పల్ దారిలోని కొయ్యలగూడెం, అటు పోచంపల్లి, రెండూ సుమారు 40 కిలోమీటర్లే. ఎల్బీనగర్, సరూర్‌నగర్ కాలనీల్లో ఉండే నేత కుటుంబాల్లో కొన్నింటికి ఇప్పటికీ ఆ ఊళ్లలో మగ్గాలున్నాయి. ఇక్కత్‌లో దారానికే రంగు ఎక్కించి నేస్తారు కాబట్టి బట్టకు రెండు వైపులా బొమ్మ ఒకేలా ఉంటుంది. కట్టినప్పుడు లోపలి వైపు బయటికి తిరిగే ర్యాప్‌కు అంతకన్నా ఏం కావాలి? లోపం ఒక్కటే, పోచంపల్లి నేసేది సాదా నేత. దానికి రెండు తొక్కుడు బద్దలు చాలు, ట్విల్‌కు మామూలుగా నాలుగు కావాలి. పడుగు కట్టే తీరూ మారాలి. అది చిన్న మార్పేమీ కాదు, అలాగని అసాధ్యమూ కాదు. చీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ వరస పెట్టడానికి, చెయ్యి 9,000 సార్లు అటూ ఇటూ తిప్పే తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం యంత్రం కనిపెట్టింది ఈ ప్రాంతంలోనే. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అమ్మ భుజం కోసం యంత్రమే పుట్టినచోట నాలుగు బద్దలు ఒక లెక్కా?

బట్ట ఎంత మంచిదైనా కట్టడం తప్పితే ప్రమాదం. బిడ్డ ముఖం ఎప్పుడూ కనిపించాలి, వంగితే ముద్దు పెట్టేంత ఎత్తులో తల ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకూడదు. తొడలు విచ్చుకుని, మోకాళ్లు పిరుదుల కంటే కాస్త పైకి, కప్ప కూర్చున్నట్టు కూర్చోవాలి. దొడ్డికాళ్లు వస్తాయని నాయనమ్మలు భయపడేది ఈ భంగిమకే. నిజానికి తుంటి కీలుకు ఇదే మంచిది, కాళ్లు చాపి బిగించి చుట్టడమే చెడ్డది. ఇక బైకు. చైతన్యపురి చౌరస్తాలో చున్నీతో బిడ్డను కట్టుకుని బండి వెనక కూర్చున్నవాళ్లు రోజూ కనిపిస్తారు. ర్యాప్ నడకకే, బండికి కాదు. నాలుగేళ్లలోపు పిల్లలకు, బండి నడిపేవారికి తగిలించే హార్నెస్, తొమ్మిది నెలలు దాటినవారికి హెల్మెట్, గంటకు 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2022 ఫిబ్రవరిలో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏ ర్యాపూ ఆ హార్నెస్ కాదు.

“ఎత్తుకునుడు మరిగితే సంక దిగడు” అన్నది నాయనమ్మల ఇంకో భయం. మాంట్రియల్‌లో హంజికర్, బార్ అనే వైద్యులు 1986లో ప్రచురించిన అధ్యయనంలో, రోజూ అదనంగా ఎత్తుకున్న పిల్లలు ఆరు వారాల వయసులో 43 శాతం తక్కువ ఏడ్చారు. తక్కువ బరువుతో పుట్టినవారి సంగతి ఇంకా గట్టిది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ సహా అయిదు దేశాల ఆసుపత్రుల్లో జరిగి 2021లో వెలువడిన డబ్ల్యూహెచ్ఓ పరిశోధనలో, పుట్టిన వెంటనే తల్లి ఒంటికి ఆనించి కట్టిన పిల్లల్లో మరణాలు 25 శాతం తగ్గాయి.

ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పయిన తల్లులకు ఇవ్వడానికి 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో దోమతెర, పరుపు, సబ్బు, తల్లికి చీరలు ఉండేవి. బిడ్డను కట్టుకునే గుడ్డ లేదు. ఇప్పటికైనా రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో, పోచంపల్లి నేత సంఘాలు కలిసి 70 సెంటీమీటర్ల వెడల్పు, 4.6 మీటర్ల పొడవు, 220 గ్రాముల నూలు ట్విల్, గంజి పెట్టకుండా, అంచు మెత్తగా మడిచి, మొదటి విడతగా వెయ్యి నేయించి వనస్థలిపురం ఏరియా ఆసుపత్రి ప్రసూతి వార్డుకు ఇవ్వాలి. కట్టడం నేర్పడానికి అక్కడున్న నర్సులకు ఒక పూట శిక్షణ ఇప్పిస్తే సరిపోతుంది.